అబ్బా బండి ఇంజన్

పొయిన ఏడాది జనవరిల ఒక జుమ్మా రోజు పొద్దుగాల తమ్ముడు ఫోన్ చేసిండు. ఎప్పుడైనా ముందు సలాం, తర్వాత పిల్లల ఖైరియత్, ఆ తర్వాతనే అసలు ముచ్చట. ఆ రోజు అవేం లేవు. "భాయ్, తేల్ చాయ్ బన్ గయా" అన్నడు.

సమజ్ కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మా 407 బండి ఆయిల్ గేజి పుల్ల గుంజి చూస్తే, నల్లగ ఉండాల్సిన ఆయిల్ ఇరానీ చాయ్ రంగుల ఉన్నదట. రేడియేటర్ మూత తీస్తే నీళ్ల మీద జిడ్డు తేలుతున్నదట. ఇంజన్ల నీళ్లు తిరిగే తొవ్వ, ఆయిల్ తిరిగే తొవ్వ పక్కపక్కనే ఉంటయ్ గని ఎన్నడూ కలువొద్దు. కలిసినయంటే లోపల ఎక్కడో గోడ పలిగినట్టు.

"అబ్బాకు చెప్పినవా?" అన్న.

"నై. పహెలే తుమ్ ఆవ్."

నేను నౌకరీ మీద సంగారెడ్డిల ఉంటున్న. తెల్లారి నారాయణఖేడ్ బస్సెక్కిన. జోగిపేట దాటినంక కిటికీ పక్కన కూసొని ఒక్కటే ఫిక్ర్. ఆ బండి తమ్ముని రోజీ. అబ్బాకు మాత్రం అది ఇంకేందో. ఆ 'ఇంకేందో' అన్న దాన్ని నేను ఎంత గలత్ అర్థం చేసుకున్ననో చెప్పుదామనే ఇదంతా రాస్తున్న.

అబ్బా ఆ బండిని 1998ల కొన్నరు. అంతకుముందు ఇరవై ఏండ్లకు పైన పరాయి లారీల మీదనే బతుకు. ముందు క్లీనర్, తర్వాత డ్రైవర్. ఒక సేఠ్ దగ్గర 1210 నడిపిండ్రు. 12 అంటే పన్నెండు టన్నులు, 10 అంటే అటు ఇటుగ నూరు గుర్రాల తాకత్. టాటా లారీల పేర్లన్నీ ఇట్లనే హిసాబ్‌తోని ఉంటయ్. జర్మనీ డైమ్లర్ బెంజ్ కంపెనీతోని 1954ల చేసుకున్న పదిహేనేండ్ల ఒప్పందంల వాళ్లకు వచ్చిన అలవాటు అది. 1969ల ఒప్పందం అయిపోయింది, ముంగట బెంజ్ చుక్క పోయింది, పేర్ల పద్ధతి మిగిలింది. మా బండి 407. నాలుగు టన్నుల మీద కొంచెం, డెబ్బై గుర్రాలు. అందులున్న ఇంజన్ పేరు 497. నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండర్ బోరు 97 మిల్లీమీటర్లు. పిస్టన్ నూరు మిల్లీమీటర్లు కిందికి మీదికి నడుస్తది. గుణించుకుంటె 2,956 సీసీ. అబ్బా నాకు గుణకారం నేర్పింది ఈ లెక్కతోనే. స్కూల్ల సార్ ఎక్కం అడిగితే చేతులు వణికేవి గని, ఇంటికాడ సిలిండర్ల లెక్క మాత్రం గడగడ చెప్పేటోన్ని.

407నే ఎందుకు కొన్నరంటె దానికో కథ ఉన్నది. 1980లల్ల జపాన్ కంపెనీలు మన కంపెనీలతోని జోడి కట్టి చిన్న లారీలు దింపినయ్. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఆల్విన్ నిస్సాన్. ఈ నాలుగోదాని ఫ్యాక్టరీ మా పక్కన జహీరాబాద్‌లనే ఉండె. గడియారాలు, ఫ్రిజ్‌లు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీయే నిస్సాన్‌తోని కలిసి క్యాబ్‌స్టార్ అనే లారీ చేసింది. ఇంటి పక్క సరుకు, నున్నగ నడుస్తది, చూడనీకి ఖూబ్‌సూరత్. కాని 1986ల టాటా వాళ్లు (అప్పుడు టెల్కో) 407 దింపినంక, ఆ జపాన్ బండ్లన్నీ ఒకటొకటి ఎనుకకు పోయినయ్. అబ్బా అనేది ఒక్కటే మాట. "జపాన్ బండి చెడిపోతే జపాన్ దిక్కు చూడాలె. 407 చెడిపోతే చౌరస్తా దిక్కు చూస్తే చాలు." కంగ్టి నుంచి దెగ్లూర్ దాంక ఏ ఊర్లనైనా దాని సామాన్ దొరుకుతది, దాన్ని విప్పెటోడు దొరుకుతడు. డీసీఎం టొయోటా కంపెనీ పోయి ఎన్ని ఏండ్లయిందో, ఇప్పటికీ మన దగ్గర పేపరోళ్లు ఆ సైజు బండి ఏది బోల్తా పడ్డా 'డీసీఎం బోల్తా' అనే రాస్తరు. బండ్లు పోయి పేర్లు మిగలడం మనకు కొత్త కాదు.

మా బండి ఆర్సీల ఇప్పటికీ కంపెనీ పేరు టెల్కో అనే ఉంటది. 2003ల వాళ్లు టాటా మోటార్స్ అయిండ్రు. నంబర్ ప్లేటు ఏపీ 23, అంటే మెదక్ జిల్లా. 2014ల రాష్ట్రం మారి సిరీస్ టీఎస్ అయింది, 2016ల జిల్లా సంగారెడ్డి అయింది, 2024ల టీఎస్ కాస్తా టీజీ అయింది. మా బండికి మాత్రం ఏపీ 23 పోలే.

ఆ ముప్పై ఆరు కిస్తులు కట్టిన రోజులు నాకు యాదున్నయ్. అమ్మీ చేతి గాజులు పోయి మళ్ల రాలేదు. ఆ బండి మీద కందులు, పెసలు, మినుములు బీదర్ మండీకి పొయినయ్. పత్తి జిన్నింగ్ మిల్లుకు పోయింది. ఊర్ల ఏ ఆడపిల్ల షాదీ అయినా పలంగు, అల్మారీ, కూలర్, గిన్నెల డబ్బాలు మా బండి మీదనే అత్తగారింటికి పోతుండె. మా ఆపా జహేజ్ కూడ దాంట్లనే పోయింది. ఆ రోజు అబ్బా స్టీరింగ్ పట్టుకోలే. చిచ్చా నడిపిండు, అబ్బా వెనుక పలంగు పట్టీ పట్టుకొని నిలవడ్డరు.

ఇగ అసలు సంగతికి వస్త.

మా మిస్త్రీని అందరూ ఉస్తాద్ అంటరు. ఆయన షెడ్డు బస్టాండుకు కొంచెం దూరంల, ఒక యాప చెట్టు కింద. నేను పొయేసరికి హెడ్ విప్పి గోనె సంచి మీద పెట్టి ఉన్నది. ముందుగాల అందరం గాస్కెట్ పొయిందనే ఆశపడ్డం. గాస్కెట్ అయితే రెండు రోజుల పని. ఉస్తాద్ బ్లాక్‌ను డీజిల్‌తోని కడిగి, తుడిచి, సుద్ద పొడి రుద్దిండు. రెండో సిలిండర్‌కు మూడో సిలిండర్‌కు నడుమ నుంచి ఒక నల్ల గీత లేచింది. ఎంటిక అంత సన్నం. పలుగు ఉన్న జాగల డీజిల్ దాక్కుంటది, సుద్ద దాన్ని బయటికి గుంజుతది. ఏ ల్యాబూ అక్కర లేదు.

"బ్లాక్ క్రాక్" అన్నడు ఉస్తాద్. ఆయన టోపీ తీసి మళ్ల పెట్టుకున్నడు.

ఇది ఒక్కటే కాదు. బండికి బ్యాక్ కంప్రెషన్ ఉండబట్టి ఏడాది అయిందట. ఇంజన్ నడుస్తుంటే ఆయిల్ పోసే మూత తీస్తే హుక్కా తీర్గ పొగ కొడుతున్నది. రింగులు అరిగి, పిస్టన్ మీద మండాల్సిన గాలి కిందికి జారుతున్నది. అందుకే ఎత్తు ఎక్కదు, డీజిల్ తాగుతది. తమ్ముడు లీటరుకు తొమ్మిది ఇచ్చే బండి ఏడు ఇస్తున్నదని కొన్ని నెలల నుంచి మొత్తుకుంటున్నడు. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరిగితే, ఏడు లెక్కన రెండు వందల పద్నాలుగు లీటర్లు, తొమ్మిది లెక్కన నూట అరవై ఏడు. లీటరు తొంభై అయిదు అనుకుంటె నెలకు నాలుగున్నర వేలు పొగల పోతున్నయ్. వాని పెద్ద బిడ్డ కాలేజీ బస్సు ఫీజు, ఇంటి కరెంటు బిల్లు కలిపితె అంతే.

ఉస్తాద్ తొవ్వలు చెప్పిండు. పలిగిన జాగల కుట్టు ఏపిస్తే ఇరవై అయిదు వేలు, గ్యారంటీ లేదు. "ఆరు నెలలు నడవొచ్చు, ఆరు రోజులు నడవొచ్చు, అల్లాకే ఎర్క." కొత్త బ్లాక్ తెప్పించి స్లీవ్‌లు, పిస్టన్‌లు, బేరింగులు అన్నీ ఎక్కిస్తే మజూరీతోని లక్షా నలభై, అదీ ఇంత పాత మోడల్‌ది దొరికితే. కటింగ్ అయిన వేరే 407 నుంచి నడుస్తున్న ఇంజన్ తెచ్చి పెడితే ఎనభై, తొంభై వేలు. లేదంటె ఉన్నది ఉన్నట్టు తూకానికి అమ్మి, ఫైనాన్స్ మీద కొత్త బండి తీసుకోవాలె.

తమ్ముడు ఫైనాన్స్ మాట రాంగనే తల అడ్డం తిప్పిండు. కొత్త బండి కిస్తు కట్టాలంటె నెలల ఇరవై రోజులు నిండు కిరాయి ఉండాలె. నారాయణఖేడ్ల కిరాయి అంటె పంట దినాల మోజు. దసరా నుంచి సంక్రాంతి దాంక నిద్ర ఉండది, ఎండకాలం మొత్తం చెట్టు కింద పండుకునుడే. తండాలోళ్లు చెరుకు కొట్టుడుకు కర్ణాటక, మహారాష్ట్ర పోతే ఊర్లల్ల సామాన్ మోసుడు గూడ తక్కువైతది. పాత బండికి కిస్తు లేదు. పని లేని రోజు అది తినది.

వానికి ఇంకో ఖ్వాయిష్ ఉండె. ఎట్లాగూ ఇంజన్ మారుస్తున్నం గదా, టర్బో ఉన్నది పెడదాం అన్నడు. మా బండి టర్బో రాక ముందుది. టర్బో అంటె పొగ గొట్టంల పోయే గాలి జోరుతోనే ఒక చిన్న పంకా తిప్పి, ఇంజన్లకు ఎక్కువ గాలి నూకుడు. అదే సైజు ఇంజన్, తాకత్ మాత్రం ఎక్కువ. ఉస్తాద్ నవ్విండు. "బుడ్డోని తాకత్ పెంచితే సరిపోదు బేటా, ముసలోని నడుము గూడ చూడాలె. రేడియేటర్ మార్చాలె, పైపులు మార్చాలె. వెనుక క్రౌన్ పిన్యన్ ఆ జోరు ఎన్ని రోజులు పడుతది? ఆర్సీల ఉన్న టైపు ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయితది." ఆ ముచ్చట అక్కడికే ఖతం.

నేను మాత్రం ఇంజన్ మార్చుడు మాటనే మనసుకు తీసుకోలేకపోయిన. తమ్మునితోని అన్న. "అబ్బా అసల్ ఇంజన్‌ను మారుస్తే బండి అబ్బాది ఎట్లయితది? లక్షా నలభై అయినా సరే, ఉన్నదాన్నే బాగు చేపిద్దాం. నేను సగం పెడత." వాడు నా దిక్కు చూసిండు. ఆ చూపు నాకు ఎర్కనే. నెల జీతం తీసుకునెటోడు జజ్‌బాతీ అయితే, రోజు కిరాయి మీద బతికెటోడు చూసే చూపు.

"భాయ్, నీకు బండి యాది. నాకు బండి పని."

ఆ రాత్రి అబ్బాకు చెప్పినం. డెబ్బై ఒక్క ఏండ్లు ఆయనకు, మోకాళ్ల నొప్పి, కళ్ల ఆపరేషన్ అయింది. కోపానికి వస్తరేమో, ఏడుస్తరేమో అని నేను ఏమేమో అనుకున్న. ఆయన అంతా విని, "మేరీ కితాబ్ లా" అన్నరు. అల్మారీల అమ్మీ మంచి చీరల కింద ఉండే హిసాబ్ పుస్తకం. ఎర్ర అట్ట, కుట్టు ఊడి దారం పెట్టి మళ్ల కుట్టింది. ఉర్దూల రాసుకున్న ఖాతా. అబ్బాకు చదవనీకి కండ్లు ఆనుతలేవు, తమ్మునికి ఉర్దూ చదువొస్తలేదు. మా ఇంట్ల అది చదివెటోన్ని నేనొక్కన్నే మిగిలిన.

ఆ రాత్రి చాన సేపు చదివిన. 2003ల హెడ్ గాస్కెట్. 2006ల మొదటి బోరింగ్, నాలుగు స్లీవ్‌లు, నాలుగు పిస్టన్‌లు, క్రాంక్ గ్రైండింగ్. ఆ పేజీల పక్కకు 'బేటీకి షాదీ కే బాద్' అని రాసి ఉన్నది, అంటె ఆపా పెండ్లి కాంగనే ఇంజన్ విప్పిండ్రన్నమాట, పెండ్లి ఖర్చుల నడుమ పొగ కొడుతున్న బండినే నడిపిండ్రు. 2011ల డీజిల్ పంపు మొత్తం మార్చుడు. 2014ల రెండో బోరింగ్, పాత హెడ్ పనికి రాక వేరే హెడ్. 2019ల క్రాంక్ మార్చుడు. గ్రైండింగ్ చేసిన ప్రతిసారీ క్రాంక్ పావు మిల్లీమీటరు సన్నబడతది, దానికి తగ్గట్టు మందం బేరింగు ఎక్కిస్తరు, ఒక హద్దు దాటినంక ఇగ సన్నబడనీకి ఏం ఉండది. నోజిల్‌లు, వాటర్ పంపు, క్లచ్ ప్లేట్లయితే లెక్కలేనన్ని సార్లు. మధ్యల మధ్యల వేరే హిసాబ్‌లు గూడ. ఒక జాగల ఎవరి పేరూ లేకుండ 'జహేజ్ కా సామాన్, కిరాయా నై లియా' అని ఉన్నది. అట్లాంటివి నేను లెక్కపెడితే పందొమ్మిది దొరికినయ్. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే ఆయన.

తెల్లారి ఉస్తాద్‌ను అడిగిన, మొదలు వచ్చిన ఇంజన్ల ఇప్పుడు ఏం మిగిలిందని. ఆయన ఏళ్ల మీద లెక్కబెట్టిండు. బ్లాక్. ఫ్లైవీల్. టైమింగ్ కవర్. కొంచెం ఆగి, "ఔర్ నంబర్" అన్నడు.

నంబర్ ఉండేది బ్లాక్ మీదనే. పక్కకు ఒక చిన్న చదును జాగల, ఉలి అక్షరాలతోని కొట్టి ఉంటది. ఆర్సీల రాసి ఉండేది ఆ నంబరే, ఇన్సూరెన్స్ కాయితం మీద ఉండేది అదే. మిగతావన్నీ మార్చినా సర్కార్ దృష్టిల ఇంజన్ అదే ఇంజన్, బ్లాక్ మారితే వేరే ఇంజన్. నేను అసల్ అసల్ అని ఏదైతే పట్టుకొని కూసున్ననో, అది పలిగిన ఒక ఇనుప పెట్టె, దాని మీద కొన్ని అంకెలు.

వేరే ఇంజన్ తెద్దామన్నదానికి నేను గూడ హౌ అన్న. తమ్ముడు, నేను, ఉస్తాద్ శిష్యుడు ముగ్గురం పట్నం పోయినం.

కటింగ్ యార్డు ఎన్నడూ చూడనోళ్లకు ఎట్ల చెప్పాలె? బండ్ల ఖబ్రస్తాన్ అని రాయబోయి ఆగిన, ఎందుకంటె ఖబ్రస్తాన్ల ఇంత బేరం ఉండది. ఒక దిక్కు క్యాబిన్‌లు ఒకదాని మీద ఒకటి, ఒక దిక్కు గేర్ బాక్స్‌లు, ఇంకో దిక్కు తాళ్లతోని వేలాడగట్టిన ఇంజన్‌లు. నేల మొత్తం ఆయిల్ తాగి నల్లగ, మెత్తగ. ఉస్తాద్ శిష్యుడు చిన్నోడే గని నజర్ మంచిది. ఒక 497 దగ్గర ఆగి, బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేపిచ్చిండు. ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టిండు. పొగ లేదు. మాది లాంటిదే, టర్బో లేనిది.

యార్డు ఆయన ధర చెప్పిండు. కాయితాలతోని అయితే ఎనభై అయిదు వేలు. అంటె ఆ ఇంజన్ ఏ బండిల నుంచి తీసిండ్రో ఆ బండి ఆర్సీ జిరాక్స్, రద్దు అయిన కాయితం, అమ్మిన రసీదు. కాయితాలు లేకుండ అయితే అరవై వేలు.

"ఇదే ఇంజనా, వేరేదా?" అని అడిగిన.

"ఇంజన్ ఇదే. కాయితం ఉంటె ఒక ధర, లేకుంటె ఒక ధర" అన్నడు నవ్వుకుంట. మళ్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, నంబర్ సంగతి తనకు వదిలేయమన్నడు. ఈ బ్లాక్ మీద ఉన్న నంబర్‌ను గ్రైండర్‌తోని నున్నగ తీసి, మా పాత నంబర్‌ను అదే సైజు అక్షరాలతోని కొట్టిస్తడట. ఆర్సీ మార్చే పని లేదు, ఆఫీసుల చుట్టు తిరుగుడు లేదు. "ఆప్ కా నంబర్ ఆప్ కే పాస్."

నిజం చెప్తున్న, ఆ మాట వినంగనే నా దిల్ ఖుష్ అయింది. పాతిక వేలు మిగులుతయని తమ్ముడు మురిసిండు. నేను ఇంకో దానికి మురిసిన. అబ్బా నంబర్ పోదు. ఆర్సీల అదే ఉంటది, బ్లాక్ మీద అదే ఉంటది. చదువుకున్నోన్ని, చట్టం ఎర్కున్నోన్ని, నాకు ఆ క్షణంల అది చోరీ పని అని తట్టనే లేదు. బయానా అయిదు వేలు ఇయ్యడానికి జేబుల చెయ్యి పెట్టిన. ఉస్తాద్ శిష్యుడే, "ఏక్ బార్ బడే అబ్బా కో పూఛ్ లేతే" అన్నడు.

ఫోన్ల అబ్బా చాన సేపు మాట్లాడలే. "ఘర్ ఆవ్" అని పెట్టేసిండ్రు.

ఇంటికి పొయేసరికి ఉస్తాద్ వచ్చి కూసొని ఉన్నడు. అబ్బాయే పిలిపించిండ్రట. అబ్బా మా దిక్కు చూడకుండ, ఉస్తాద్‌కు చెప్తున్నట్టు మొదలు పెట్టిండ్రు. సేఠ్ దగ్గర 1210 నడిపే రోజులు. ఆ లారీకి సేఠ్ ఎక్కడిదో ఇంజన్ తెచ్చి పెట్టి, నంబర్ కొట్టిచ్చిండు. డ్రైవర్‌కు ఎందుకు చెప్తడు? నాందేడ్ దిక్కు ఒక జాగల బండి ఆపి నంబర్ చూసిండ్రు. కొట్టిన అంకెలు వంకరగ ఉన్నయ్, కింద పాత గీతలు కనవడుతున్నయ్. ఆ ఇంజన్ ఎవరిదో చోరీ అయిన బండిదట. లారీ లోపలికి పోయింది, అబ్బా గూడ. లాకప్ కాదు, ఠాణా వరండా. అయిదు రోజులల్ల తేలుతదన్నది పదకొండు రోజులు అయింది. సేఠ్ వకీల్‌ను పంపిండు, లారీ కోసం.

"నంబర్ మార్చినోడు ఇంట్ల పండుకుంటడు. బండి నడిపెటోడు ఠాణాల పండుకుంటడు" అన్నరు. తర్వాత నా దిక్కు చెయ్యి చూపించి, "యే పైదా హువా సో దిన్, మై ఉధర్‌ఇచ్ థా" అన్నరు.

నేను పుట్టిన రోజు అబ్బా ఊర్ల లేడన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచి ఎర్క. ట్రిప్పుల ఉండె అని చెప్పిండ్రు. నానీ చెప్పింది, అమ్మీ చెప్పింది, చిచ్చాలు చెప్పిండ్రు. నలభై ఏండ్లు అందరూ అదే మాట మీద ఉన్నరు. అమ్మీ దిక్కు చూసిన. ఆమె ఉల్లిగడ్డలు కోసుకుంట తల ఎత్తలే.

తమ్ముడు మెల్లగ అడిగిండు, "మరి మీకు పాత ఇంజన్ పోతే బాధ లేదా అబ్బా?" అని.

అబ్బాకు ఆ సవాలే అర్థం కాలే. "ఇంజన్ అంటె మారుతది గదా" అన్నరు. "జీపులకు మార్చలేదా? పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టుకోలేదా అందరు?" నిజమే, ఒకప్పుడు పెట్రోల్ జీపు కొన్నోడు కొన్నట్టే డీజిల్ ఇంజన్ వెతుక్కుంట తిరిగేటోడు. ఆ మహీంద్రా వాళ్లే తర్వాత ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ డీజిల్ ఇంజన్‌ను తమ జీపులల్ల పెట్టిండ్రు. ఎవ్వడూ ఏడువలే. "బదల్నా హై తో బదలో. లేకిన్ జో హై, వహీ లిఖో" అన్నరు. మార్చుకుంటె మార్చుకోండి, ఉన్నదేందో అదే రాయిపియ్యండి.

ఇగ మిగిలింది కాయితాల పని. చట్టం ఏం చెప్తదో నేను అప్పుడు చదివిన, ముందు చదవాల్సింది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దీని గురించే. ఆర్సీల ఉన్న వివరాలకు, బండికి తేడా వచ్చేటట్టు మార్పులు చెయ్యొద్దు. ఇంజన్ మార్చాలంటె రిజిస్టర్ చేసే ఆఫీసు ఇజాజత్ కావాలె. పదికి తక్కువ కాకుండ కిరాయి బండ్లున్నోళ్లకు అదే కంపెనీ, అదే టైపు ఇంజన్ ముందస్తు ఇజాజత్ లేకుండ మార్చుకునే వీలు రాష్ట్రం ఇయ్యొచ్చు, అప్పుడు గూడ పద్నాలుగు రోజులల్ల చెప్పి ఆర్సీల రాయించుకోవాలె. మాకున్నది ఒక్క బండి. అందుకే ముందు దరఖాస్తు, తర్వాత ఇంజన్. ఇంకొకటి నాకు ఉస్తాద్ చెప్పంగ తెలిసింది. నంబర్‌లు కలువకుంటె, ఖుదా నా ఖాస్తా రోడ్డు మీద ఎవరికన్న ఏమన్న అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు పట్టుకునేది దాన్నే. అప్పుడు పాతిక వేలు కాదు, ఇల్లు పోతది.

వేరే యార్డుల ఇంజన్ దొరికింది. కాయితాలతోని ఎనభై రెండు వేలు. ఆర్సీ జిరాక్స్ మీద ఉన్న నంబర్‌ను తమ్ముడు టార్చ్ పట్టుకొని చదువుతుంటె, నేను బ్లాక్ మీద ఏలు పెట్టి ఒక్కొక్క అంకె సరి చూసుకున్న. అంకెలు కొంచెం తుప్పు పట్టి ఉన్నయ్. అబ్బా చెప్పిండ్రు, తుప్పు ఉంటె మంచిదే, మెరుస్తుంటెనే షక్ చెయ్యమని.

చైన్ పులీ కట్టి పాతది దించి కొత్తది ఎక్కించనీకి రెండు రోజులు పట్టింది. ఇంజన్ మౌంటింగులు సరిగ్గ కూసున్నయ్, గేర్ బాక్స్ కలిసింది. ఆఫీసు పని మాత్రం రెండు రోజులల్ల కాలే. ఎన్ని సార్లు తిరిగినమో రాస్తే మీకు గూడ విసుగు. ఇన్‌స్పెక్టర్ బండి చూసిండు, నంబర్ పెన్సిల్ రుద్ది కాయితం మీదికి దింపుకున్నరు. ఆర్సీ చేతికి వచ్చేసరికి కంది పంట అయిపోవచ్చింది. తమ్ముడు ఆ సీజన్ పోగొట్టుకున్నడు. ఆ నష్టం నేను సగం భరిస్తనన్న, వాడు ఒప్పుకోలే. పాతిక వేలు మిగిలితే సీజన్ పోకపోవు అని వాడు అనలే. అన్నా నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు లీటరుకు ఎనిమిదిన్నర ఇస్తున్నది. తొమ్మిది ఇయ్యాలె అంటడు ఉస్తాద్, నోజిల్‌లు ఒకసారి చెక్ చెయ్యాలట.

పాత బ్లాక్ మా వాకిట్ల జామ చెట్టు కింద పడి ఉండె. దాన్ని ఉంచుకుందామా అని నా మనసుల ఉన్నది గని, అడగనీకి నోరు రాలే. ఆర్సీ వచ్చిన మర్నాడు కబాడీ ఆయనను అబ్బానే పిలిచిండ్రు. తూకం కాక ముందు తమ్మునితోని ఛేనీ, సుత్తె తెమ్మన్నరు. కండ్లు ఆనుతలేవు గదా, నన్ను పక్కకు కూసొని నంబర్ ఎక్కడున్నదో చూపించమన్నరు. ఆయన ఏలు తీసుకొని ఆ చదును జాగ మీద పెట్టిన. ఆయన ఒకసారి తడిమి చూసుకొని, ఏలు తీసి ఛేనీ పెట్టి, మొదటి అంకె నుంచి కొట్టుకుంట పోయిండ్రు.

"ఇంకో బండికి ఎక్కొద్దు గదా" అన్నరు.

నూట పద్దెనిమిది కిలోలు తూగింది. కిలోకు ముప్పై అయిదు. కబాడీ ఆయన నాలుగు వేల నూరు ఇయ్యబోయిండు. అబ్బా ఇంకా ముప్పై రావాలె అన్నరు. అవి తీసుకున్నంక, కితాబ్ తెచ్చి రాయమన్నరు నన్ను.